హోల్ట్‌కాంప్ వారి రక్తం

క్లెమెన్స్ హోల్ట్‌కాంప్ మరదలిని పనికి పిలిచిన తీరులోనే ఆయన సంస్కారమంతా బయటపడింది. ఆదివారం మూడు గంటల కాఫీకి రమ్మని ఫోన్ చేసి, "నువ్వు మ్యూన్‌స్టర్‌లో వెలగబెట్టిన యూనివర్సిటీ చదువు ఇంకా ఏమైనా మిగిలుందా, జామ్ సీసాల మీద తారీఖులు రాయడంతోనే అయిపోయిందా?" అని అడిగాడు.

రోస్‌విటా వస్తానంది. చరిత్రలో పట్టా పుచ్చుకుని, ఊళ్ళో మందుల దుకాణం నడిపే మనిషిని పెళ్ళాడి, ముప్పై ఏళ్ళుగా ఇల్లు చూసుకుంటున్న ఆమెకి ఇలాంటి మాటలు కొత్త కాదు. అలా అన్నవాళ్ళని ఒక్కొక్కరినీ మనసులో ఎక్కడ ఉంచాలో అక్కడ ఉంచింది. బావది అన్నిటికన్నా కింది అర. ఆమె అక్క ఆ మనిషితో ముప్పై నాలుగేళ్ళు కాపురం చేసి ఏడేళ్ళ కిందట పోయింది. మంచం పట్టిన చివరి నెలలో కూడా ఆయన ఆమెని అడిగింది ఒకటే, ఆదివారం కోటు ఏ బీరువాలో ఉందని.

వెళ్ళేసరికి క్లెమెన్స్ ఆ కోటే వేసుకుని బల్ల దగ్గర పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. పక్కన ఆయన తమ్ముడి కొడుకు గేరో. డ్యూసెల్‌డోర్ఫ్‌లో బీమా పాలసీలు అమ్ముతాడు. పందులూ ఎరువుల బండ్లూ తిరిగే వాకిట్లోకి తెల్లటి బూట్లు వేసుకొచ్చాడు. అవి మాయకుండా కాళ్ళు రెండూ కుర్చీ అడ్డకర్ర మీద ఎత్తి పెట్టుకున్నాడు.

"వచ్చే సెప్టెంబరుకి మన పొలం పన్నుల పట్టీకెక్కి అయిదు వందల ఏళ్ళు" అన్నాడు క్లెమెన్స్, వెన్న కేకు ముక్క నోట్లో ఉండగానే. "1519 నుంచి ఇవాళ్టిదాకా ఒకటే పొలం, ఒకటే పేరు, ఒకటే రక్తం. ఇంత వంశం బిషప్పుగారికి కూడా లేదు."

"పెళ్ళే లేని బిషప్పులకి ఉంటే గొడవైపోదూ బావా?" అంది రోస్‌విటా.

గేరో నవ్వబోయి, పెదనాన్న మొహం చూసి కాఫీ తాగాడు.

క్లెమెన్స్‌కి కావలసింది ఒక పుస్తకం. మొదటి హోల్ట్‌కాంప్ నుంచి తనదాకా, తండ్రి తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు, ఒక్కరూ తప్పకుండా. ముఖ్యంగా గేర్ట్ హోల్ట్‌కాంప్ గురించి బాగా రాయాలి. ఇల్లు తగలబడిపోతే 1691లో మళ్ళీ కట్టించిన మహానుభావుడు. ఆయన పేరు ఇవాళ్టికీ పెద్ద వాకిలి దూలం మీద చెక్కి ఉంది. క్లెమెన్స్ ఊరి తుపాకీ గురిపోటీల సంఘానికి అధ్యక్షుడైనప్పటి నుంచీ ప్రతి విందులోనూ ఆ గేర్ట్ పేరు మీద ఒక గ్లాసు ఎత్తుతాడు. ఊళ్ళో వాళ్ళు కూడా ఎత్తుతారు, గ్లాసు ఊరికే వస్తుంది కాబట్టి.

"చివరి పేజీలో గేరో ఫొటో" అన్నాడు. "పండగనాడే అందరి ముందూ చెప్పేస్తాను. మర్నాడు నోటరీ దగ్గర పొలం వాడి పేరున రాసేస్తాను."

రోస్‌విటా కప్పు కింద పెట్టింది. సరిగ్గా అప్పుడే వంటింటి తలుపు దగ్గర ఆల్మూట్ నిలబడి ఉంది. క్లెమెన్స్ ఒక్కగానొక్క కూతురు. రబ్బరు బూట్లు బయట విడిచి, మేజోళ్ళతో, ట్రాక్టర్ తాళం కోసం వచ్చింది. పదేళ్ళుగా ఆ నూట యాభై ఆడపందుల్నీ, డెబ్బై హెక్టార్ల మొక్కజొన్ననీ గోధుమనీ చూస్తున్నది ఆమే. తండ్రికి నడుం పట్టేసిన నాటి నుంచి ఆయన చేసిందల్లా కిటికీలోంచి చూసి తప్పులు పట్టడం.

"విన్నావా?" అన్నాడు క్లెమెన్స్, సిగ్గేమీ లేకుండా. "విన్నా మంచిదే. నువ్వు మంచి పనిదానివే, కాదనను. కానీ పని వేరు, వంశం వేరు. రేపు ఈ బల్ల చుట్టూ మీ ఆయన ఇంటిపేరు మోసే సొబోట్టాలు కూర్చుంటారా? మీ ఆయన తాత బొగ్గుగనిలోంచి ఏ రంగులో పైకొచ్చాడో వాళ్ళకే తెలీదు."

"బొగ్గు కడిగితే పోతుంది నాన్నా" అంది ఆల్మూట్. "కొన్ని పోవు."

తాళం తీసుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి ట్రాక్టర్ శబ్దం వినిపించింది. గేరో కిటికీ వైపు తిరిగి, ఆ పెద్ద కొట్టం చాలా బాగుంటుందనీ, పందుల్ని తీసేసి సున్నం కొట్టిస్తే పెళ్ళిళ్ళకి అద్దెకివ్వచ్చనీ, భూమి ఎవరికైనా కౌలుకిచ్చెయ్యచ్చనీ చెప్పాడు. క్లెమెన్స్ తలూపాడు. తమ్ముడి కొడుకు ఏం చేసినా ఆయనకి అభ్యంతరం లేదు, గేటు మీద హోల్ట్‌కాంప్ అని ఉంటే చాలు.

రోస్‌విటా పని ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకుందో అప్పటికి ఆమెకీ తెలీదు. బావ గొప్పలు నిజమో కాదో తేల్చుకోవాలన్న చిల్లర కోరిక కూడా అందులో కొంత ఉంది.

ఏప్రిల్ నుంచి రోజూ, భర్త దుకాణానికి వెళ్ళగానే, భోజనాల బల్ల తుడిచి కంప్యూటర్ పెట్టుకుని కూర్చునేది. చర్చి పుస్తకాలన్నీ ఇప్పుడు ఇంట్లోంచే చూడచ్చు. జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు, చావులు. వెనక్కి వెళ్ళే కొద్దీ అక్షరాలు సాలెపురుగు సిరాలో పడి పాకినట్టు ఉంటాయి. పదిహేడో శతాబ్దపు పాదిరీ ఒకడు సగం పేర్లు రాయనే లేదు. "ఒక ముసలిది చనిపోయింది" అని రాసి ఊరుకున్నాడు. తొంభై ఏళ్ళు బతికి ఎనిమిదిమందిని కని ఉండచ్చు, అయినా ఒక ముసలిదే. ఆ పాదిరీని కూడా రోస్‌విటా కింది అరలోనే పెట్టింది.

క్లెమెన్స్ నుంచి వెనక్కి 1809 దాకా దారి రాచబాటలా ఉంది. అక్కడ పెళ్ళిళ్ళ పుస్తకంలో ఆగిపోయింది. పెళ్ళికూతురు ఆనా మరియా హోల్ట్‌కాంప్, పొలానికి వారసురాలు. పెళ్ళికొడుకు హైన్‌రిష్ టెగెడర్. ఆ తర్వాత పుట్టిన పిల్లలందరికీ తండ్రి పేరు హైన్‌రిష్ హోల్ట్‌కాంప్ అని రాసి ఉంది. టెగెడర్ అనే మాట ఆవిరైపోయింది.

రోస్‌విటాకి ఆశ్చర్యం వెయ్యలేదు. తన మీద తనకే చిరాకు వేసింది. కాలేజీలో చదువుకున్న సంగతే. ఈ ప్రాంతంలో పేరు మనిషిది కాదు, పొలానిది. పొలంలోకి ఇల్లరికం వచ్చినవాడు తన పేరు గేటు బయట వదిలి లోపలికి రావాలి. ఊరందరికీ తెలిసిన పద్ధతే, తాతల కాలం మాటల్లో వింటూనే ఉంటారు. అయినా ప్రతివాడూ తన ఇంటి విషయం వచ్చేసరికి పేరునే రక్తం అనుకుంటాడు.

అయినా ఆనా మరియా ఉంది కదా, కూతురి వైపు నుంచైనా రక్తం ఉంది కదా అనుకుని ఇంకా వెనక్కి వెళ్ళింది. అక్కడ దొరికాడు గేర్ట్.

1684లో విరేచనాల జబ్బు వచ్చింది. ఆ పొలం యజమాని యోహాన్, అతని ముగ్గురు పిల్లలు మూడు వారాల్లో పోయారు. భార్య ఆల్‌హైట్ మిగిలింది. ఆ రోజుల్లో భూమి సన్యాసినుల మఠానిది. ధాన్యం అందాలంటే పొలంలో మగవాడుండాలి. ఆరు వారాల్లో మళ్ళీ పెళ్ళి చేసుకోమని మఠం ఆమెకి హుకుం పంపింది. అందుబాటులో ఉన్నవాణ్ణి చేసుకుంది. "గేర్ట్ బెర్నింగ్, అదే పొలంలో పాలేరు, ఇప్పటి నుంచి హోల్ట్‌కాంప్ అనబడువాడు" అని రాసి ఉంది. నాలుగేళ్ళకి ఆల్‌హైట్ పిల్లలు లేకుండానే పోయింది. గేర్ట్ పక్క ఊరి కాటరీనాని చేసుకున్నాడు. వాళ్ళ కొడుకే తర్వాతి హోల్ట్‌కాంప్. అంటే 1519 నాటి రక్తం ఒక్క బొట్టు కూడా, మగవాడి వైపు నుంచి గానీ, ఆడదాని వైపు నుంచి గానీ, ఆ ఇంట్లో మిగల్లేదు.

రోస్‌విటా ఆ పేజీని మూడుసార్లు చదివింది. మఠం వారి పన్నుల పుస్తకాలు భద్రపరిచిన చోటికి రైలెక్కి వెళ్ళి అక్కడ కూడా చూసింది. పెళ్ళి ఏడాది పొలంలోకి అడుగుపెట్టినందుకు గేర్ట్ బెర్నింగ్ కట్టిన రుసుము కనిపించింది: ఒక ఆవు, రెండు పందులు. అప్పుడు గానీ ఆమె నోట్‌బుక్‌లో రాసుకోలేదు. ఆ రాత చూసి ఆమెకి కలిగిన ఆనందం అంత మంచి రకం కాదని ఆమెకే తెలుసు.

ఆల్మూట్‌కి చెప్పడానికి పందుల కొట్టానికి వెళ్ళింది. ఒక ఆడపంది ఈనుతోంది. ఆల్మూట్ గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని పిల్లల్ని ఒక్కొక్కటిగా తుడుస్తోంది. ఆమె భర్త టోర్బెన్ దీపం సరిచేస్తున్నాడు. మనిషి పొడుగ్గా, నెమ్మదిగా ఉంటాడు. మామగారు ఏమన్నా రెండు చెవులూ రెండు కిటికీల్లా తెరిచే ఉంచుతాడు, గాలి ఇటు వచ్చి అటు పోతుంది.

"పాలేరా?" అంది ఆల్మూట్ అంతా విని. "మా నాన్న గ్లాసు ఎత్తే గేర్టా?"

"ఆ గేర్టే."

టోర్బెన్ నవ్వాపుకోలేక దీపం వదిలేశాడు. ఆల్మూట్ నవ్వలేదు. ఒక పందిపిల్లని తల్లి పొదుగు దగ్గరికి తోసి, "ఆయనకేం పట్టదు పిన్నీ" అంది. "ఆ పాదిరీ తాగి రాశాడంటాడు. కాయితం చూపిస్తే మారే మనిషైతే, ఈ పదేళ్ళు నా మొహం చూసి ఎప్పుడో మారేవాడు. గేరోకి రాసిన మర్నాడే మేం ఇల్లు ఖాళీ చెయ్యాలి. మా పాప ఫ్రీడాకి నాలుగేళ్ళు. దానికి ఈ పందులు తప్ప వేరే లోకం తెలీదు."

"అయినా నేను చదువుతాను" అంది రోస్‌విటా.

"చదువు. నేనూ ఉంటాను. ఆయన మొహం చూడాలనుంది, అంతే."

పుస్తకం అచ్చుకి వెళ్ళే ముందు ఆగస్టులో ఒక ఆదివారం అందరూ ఆ బల్ల చుట్టూ కూర్చున్నారు. క్లెమెన్స్ అదే కుర్చీలో, అదే కోటులో. గేరో ఈసారి నల్ల బూట్లు వేసుకొచ్చాడు; ఏదో నేర్చుకున్నాడు. రోస్‌విటా కాయితాలు వరసగా పేర్చి, ఒక్కొక్క ఏడాదీ, ఒక్కొక్క పేరూ, గొంతు పెంచకుండా తగ్గించకుండా చదివింది. పాలేరు అన్న మాట దగ్గర ఆగలేదు. ఆగితే తనకి అది ఇష్టంగా ఉందని తెలిసిపోతుంది.

చదవడం అయ్యాక కాయితాలు బల్ల మీద పెట్టింది.

"ఆ పాదిరీ తాగుబోతు" అన్నాడు క్లెమెన్స్.

ఆల్మూట్ పిన్ని వైపు చూసింది.

"మఠం పుస్తకంలో కూడా అదే ఉంది బావా. సన్యాసినులు కూడా తాగారంటావా?"

"నీకు మొదటి నుంచీ నా మీద కడుపుమంట."

"ఉంది. కానీ 1684లో నేను లేను."

గేరో గొంతు సవరించుకున్నాడు. "పెదనాన్నా, దీనికింత ఎందుకు? ఆ రెండు పేజీలు తీసేస్తే సరి. ఎవరు చదువుతారు చెప్పండి? నాకైతే బెర్నింగైనా హోల్ట్‌కాంపైనా ఒకటే."

రోస్‌విటా కాయితాలు సర్దుకుంటూ, "తీసెయ్యండి. నా పేరు కూడా తీసెయ్యండి. అడిగినవాళ్ళకి ఎందుకు తీశారో చెప్తాను. మా ఆయన దుకాణానికి ఊరంతా వస్తుంది" అంది.

కానీ క్లెమెన్స్ ఆమె మాట వినడం లేదు. గేరో వైపు చూస్తున్నాడు. ఆయన మొహం ఎర్రగా మారి, మళ్ళీ మామూలు రంగుకి వస్తోంది. రోస్‌విటా ఆ క్షణం కోసం నాలుగు నెలలు కళ్ళు పాడుచేసుకుంది. ఆ మనిషి ఒక్కసారి, ఒక్క నిమిషం, చిన్నవాడైపోవడం చూడాలని.

"ఏమన్నావు?" అన్నాడు క్లెమెన్స్. "ఒకటేనా నీకు?"

"అంటే..."

"ఒరేయ్, ఆ పేరు కోసం వాడెవడో తన కన్నతండ్రి పేరు వదిలి, ఆవునీ పందుల్నీ కట్టి, కాలిపోయిన ఇల్లు కట్టించాడు. నీకు ఒకటేనా? నువ్వేం కట్టావురా దీనికి? పార్కింగు డబ్బులా?" బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఇప్పుడర్థమైంది. పేరు మనిషిది కాదు. మట్టిది. ఈ మట్టిలో ఉన్నవాడికి మట్టే పేరు పెడుతుంది. మీ నాన్న ఇక్కణ్ణించి పోయినప్పుడే మీ పేరు అయిపోయింది. అచ్చులో మిగిలిందంతే."

గేరో పెదనాన్న పక్కన ఒంటరిగా కూర్చున్నట్టున్నాడు, చుట్టూ ఇంతమంది ఉన్నా. రోస్‌విటాకి అతని మీద జాలి కలగలేదు, కానీ కలిగి ఉండాల్సిందేమో అనిపించింది.

క్లెమెన్స్ కూతురి వైపు తిరిగాడు. "మీ ఆయన్ని పిలువు."

"ఎందుకు?"

"పేరు మార్చుకోమని చెప్పు. మా పద్ధతి అదీ. అయిదు వందల ఏళ్ళుగా ఇక్కడికి వచ్చినవాళ్ళంతా అలాగే వచ్చారు. హోల్ట్‌కాంప్ అవుతానంటే పొలం మీది. కాకపోతే అమ్మేస్తాను."

నాలుగు నెలల పని రోస్‌విటా కళ్ళముందే చేతులు మారిపోయింది. ఆమె తవ్వి తీసిన నిజాన్ని ఆ మనిషి తీసుకుని, తుడిచి, తన కోటుకి పతకంలా తగిలించుకున్నాడు. పాలేరు వంశాన పుట్టానని తెలిసి తగ్గకపోగా, కుర్చీలో ఇంకా కాస్త నిటారుగా కూర్చున్నాడు. ఆల్మూట్ మొహంలో మాత్రం రక్తం లేదు.

"ఇన్నాళ్ళూ అతను ఉత్త బొగ్గు" అంది ఆమె. "ఇప్పుడు పేరు మారిస్తే మనిషైపోతాడా నాన్నా?"

"అయిపోతాడు. గేర్ట్ అవలేదూ?"

టోర్బెన్ చేతులు కడుక్కుని వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి విన్నాడు. పెళ్ళిలో ఎవరి పేరు వాళ్ళే ఉంచుకున్నారు కాబట్టి ఇప్పుడు ఒక సంతకంతో మార్చుకోవచ్చని రోస్‌విటా నెమ్మదిగా చెప్పింది. చెప్తూ ఉంటే తన గొంతు తనకే నచ్చలేదు.

"మా తాత ఏమంటాడో" అన్నాడు టోర్బెన్. "ఆయన పేరుని గనిలో ఫోర్‌మన్ ఎప్పుడూ సరిగ్గా పలకలేదట. ఇరవై ఏళ్ళు 'ఒరేయ్' అనే పిలిచాడు." కాసేపు ఆల్మూట్ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు, లేకపోతే నీ ఇష్టం అన్నట్టు. "సరే మావయ్యా. ఏ పేరుతో పిలిచినా పందులకి నేను ఒకటే. కానీ పుస్తకంలో మా పేరుండాలి. 'టోర్బెన్ సొబోట్టా, ఇప్పటి నుంచి హోల్ట్‌కాంప్ అనబడువాడు' అని. ఆ పాదిరీ రాసినట్టే. తుడిచెయ్యకూడదు."

"దానికేం, రాసెయ్!" అన్నాడు క్లెమెన్స్ మరదలితో, ఆ మాట తనే కనిపెట్టినట్టు. "ఇదీ మన వంశం!"

సెప్టెంబరులో పండగ జరిగింది. క్లెమెన్స్ మూడు వందలమంది ముందు నిలబడి, హోల్ట్‌కాంప్ వంశంలో పాలేర్లు కూడా యజమానులయ్యారనీ, ఇలాంటి పెద్దమనసు ఇంకే ఇంటికీ లేదనీ అరగంట మాట్లాడాడు. అల్లుడి భుజం మీద చెయ్యి వేసి చర్చి ఫాదర్‌కి పరిచయం చేశాడు. "మావాడే" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. గ్లాసులు ఊరికే వచ్చాయి. రోస్‌విటా కేకులు కోసింది.

మర్నాడు ఉదయం పది గంటలకి నోటరీ దగ్గర. ఆ నోటరీ నలభై ఏళ్ళ ఆడమనిషి. చట్టం ప్రకారం దస్తావేజు మొత్తం పైకి చదివి వినిపించాలి. ఒక్క మాట వదిలిపెట్టే రకం కాదు. పాతిక పేజీలు. ప్రతి చేనూ, ప్రతి కాలవ గట్టూ. ఆల్మూట్ కళ్ళు కిందికి దించి విన్నది, ఒక్కొక్క చేను పేరు వచ్చినప్పుడల్లా పెదవులు కదిలాయి. క్లెమెన్స్ మధ్యమధ్య ఆపి, ఆ కాలవ అంత వెడల్పు కాదనీ, ఆ గోడ తన తండ్రి కట్టించిందనీ చెప్పాడు. అక్కడెవరూ అడగలేదు.

తర్వాత పొలం రాసిచ్చిన ముసలాయనకి దక్కాల్సిన వాటా వచ్చింది. పెద్దాయన బతికినన్నాళ్ళూ తోటవైపు రెండు గదులు, వెచ్చగా ఉంచాలి. రోజూ మూడు పూటలా భోజనం. ఏడాదికి ఒక పంది తొడ, పొగలో ఆరబెట్టినది, కొవ్వు మరీ ఎక్కువ ఉండకూడదు. ఆ కొవ్వు మాట ఆయనే చేర్పించాడు. బట్టలు ఉతకాలి, కోటు ఇస్త్రీ చెయ్యాలి. నోటరీ గొంతు ఏ మార్పూ లేకుండా సాగుతోంది.

"పద్నాలుగో అంశం. పొలం పనుల్లోనూ పశువుల పెంపకంలోనూ పెద్దాయన జోక్యం చేసుకోరు. ఆయన అనుమతి లేకుండా ఏ నిర్ణయమైనా తీసుకునే హక్కు కొత్త యజమానురాలికి ఉంటుంది."

క్లెమెన్స్ తలెత్తాడు. "ఇది ఎవరు పెట్టించారు?"

నోటరీ చదవడం ఆపింది. టోర్బెన్ కిటికీ వైపు చూశాడు. రోస్‌విటాకి ఆ సంగతి తెలీదు. తనే పెట్టించి ఉంటే బావుండేదని మాత్రం అనిపించింది.

"నేనే" అంది ఆల్మూట్.

"నా కొట్టంలోకి నేను రాకూడదా?"

"రావచ్చు నాన్నా" అంది ఆల్మూట్. "తలుపు తట్టి రండి."

క్లెమెన్స్ మరదలి వైపు చూశాడు, ఆమె కూడా ఇందులో ఉందేమోనని. రోస్‌విటా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, తన జీవితంలో ఎన్నడూ ఇంత ప్రశాంతంగా కూర్చోలేదన్నట్టు కూర్చుంది. ఆయన కలం అందుకుని, కింద ఇచ్చిన గీత సరిపోనంత పెద్ద అక్షరాలతో సంతకం చేశాడు. నోటరీ ఆ కాయితాన్ని ఆల్మూట్ వైపు తిప్పింది.